లియో ఫెండర్

లియో ఫెండర్ (ఆగస్టు 10, 1909 - మార్చి 21, 1991) అమెరికాకు చెందిన సంగీతవాద్యాల రూపశిల్పి, పారిశ్రామికవేత్త. ఇతని పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. పెద్ద సంఖ్యలో తయారై, ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చిన మొదటి ఎలక్ట్రిక్ బేస్ గిటారు అయిన ప్రెసిషన్ బేస్‌ను 1951లో రూపొందించినవాడు ఇతడే. టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్లు కూడా ఇతని కర్మాగారంలోనే పుట్టాయి. ఇన్ని వాద్యాలు చేసినా ఇతనికి గిటారు వాయించడం రాదు. 1965లో ఇతడు తన సంస్థను అమ్మివేశాడు. దానితోపాటే తన ఇంటిపేరును వాద్యంపై ముద్రించుకునే హక్కు కూడా చేజారింది. ఆ తరువాతి కాలంలో ఫెండర్ పేరున్న వాద్యాల నాణ్యత తగ్గగా, ఇతని పాత నమూనాలను చూసి జపాను కర్మాగారాలు చేసిన నకళ్ళు అసలుకు దగ్గరగా నిలిచాయి. పాత జపాను బేస్ గిటార్లకు ఈనాడు ఉన్న గిరాకీకి మూలం ఇక్కడే ఉంది.

బాల్యం, విద్య

లియో ఫెండర్ కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల మధ్య నారింజ తోటలు పెంచే దంపతులకు జన్మించాడు. తండ్రి క్లారెన్స్ మోంటే ఫెండర్, తల్లి హారియెట్ ఎల్విరా వుడ్. 8 ఏళ్ళ వయసులో కణితి కారణంగా ఎడమ కన్ను తీసివేయవలసి వచ్చింది. అప్పటినుంచి చివరివరకు గాజు కన్నుతోనే జీవించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇతనిని సైన్యంలోకి తీసుకోకపోవడానికి కారణం కూడా ఇదే.

మేనమామ వరుస అయిన జాన్ వెస్ట్ శాంటా మారియాలో మోటారు వాహనాల విద్యుత్ పరికరాల దుకాణం నడిపేవాడు. లియోకు పదమూడేళ్ళ ప్రాయంలో ఆయన పనికిరాని రేడియో భాగాలను, ఒక బ్యాటరీని పెట్టెలో పెట్టి పంపాడు. మరుసటి సంవత్సరం ఆ దుకాణానికి వెళ్ళిన బాలుడు, మేనమామ విడిభాగాలతో స్వయంగా కూర్చిన రేడియోనుంచి వెలువడే గట్టి శబ్దం విని ముగ్ధుడయ్యాడు. ఇంటికి వచ్చి రేడియోలు బాగుచేయడం ప్రారంభించాడు. బాల్యంలో పియానో, శాక్సఫోన్ నేర్చుకున్నాడు గాని వాటిలో కొనసాగలేదు.

1928లో ఫుల్లర్టన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, అక్కడి జూనియర్ కళాశాలలో అకౌంటింగ్, అంటే జమాఖర్చుల విద్యలో చేరాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఏ కళాశాలలోనూ పాఠం వినలేదు. ఆ విద్య అంతా చేతిపనితో వచ్చినదే.

రేడియో మరమ్మతుల దుకాణం

చదువు తరువాత ఇతడు ఐసు, శీతల గిడ్డంగుల సంస్థ ఒకదానిలో మొదట సరుకు చేరవేసే పనిలోను, తరువాత లెక్కలు రాసే పనిలోను ఉన్నాడు. ఆ రోజుల్లోనే ఒక వాద్యబృందం వారు నాట్యశాలలలో వాడుకోవడానికి మైకు సెట్లు చేసి పెట్టమని కోరగా, ఆరు సెట్లు తయారుచేసి ఇచ్చాడు. 1934లో ఎస్తేర్ క్లోస్కీని వివాహమాడాడు. రాష్ట్ర రహదారుల శాఖలో గుమాస్తా ఉద్యోగం దొరికినా, ఆర్థిక మాంద్యంలో అది పోయింది. టైర్ల సంస్థలో చేరిన మరొక ఉద్యోగం ఆరు నెలలకే ఊడింది.

1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ పేరుతో దుకాణం తెరిచాడు. రేడియోలు, గ్రామఫోను యంత్రాలు, మైకులు బాగుచేయడం, అద్దెకివ్వడం అక్కడి పని. చుట్టుపక్కల వాద్యకారులు పాడైపోయిన యాంప్లిఫయర్లను, పికప్ పనిచేయని గిటార్లను తెచ్చి ఇచ్చేవారు. ఏ భాగం ముందుగా పాడవుతుంది, ఏ అతుకు ఊడిపోతుంది, ఏది విప్పడానికి ఎక్కువసేపు పడుతుంది అనే జ్ఞానం ఇతనికి ఈ దుకాణంలోనే అబ్బింది. తరువాత చేసిన ప్రతి వాద్యంలోను మరమ్మతు చేసేవాడి చూపు కనిపిస్తుంది. వీణ చేసే వడ్రంగి చూపు వేరు. ఇతని చూపు వేరు.

యుద్ధకాలంలో డాక్ కాఫ్మన్ అనే వాద్యకారునితో కలిసి కె అండ్ ఎఫ్ పేరుతో హవాయి గిటార్లు, యాంప్లిఫయర్లు తయారుచేశాడు. హవాయి గిటారును ఒడిలో పడుకోబెట్టి, తీగలపై ఉక్కు కడ్డీని జరుపుతూ వాయిస్తారు. మన గోటువాద్యం వాయించే పద్ధతికి ఇది దగ్గర. 1946లో కాఫ్మన్ వ్యాపారంనుంచి తప్పుకోగా, ఇతడు ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీని నెలకొల్పాడు. 1948లో జార్జి ఫుల్లర్టన్ అనే యువకుడు ఇందులో చేరాడు. (పట్టణం పేరు, ఇతని ఇంటిపేరు ఒకటే కావడం యాదృచ్ఛికం.) అమ్మకాల బాధ్యత డాన్ రాండల్‌ది. టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్ వంటి పేర్లు పెట్టినది కూడా రాండలే.

మరలతో బిగించిన గిటారు

బోలుగా ఉండే గిటారుకు పికప్ అమర్చి శబ్దం పెంచితే, స్పీకరునుంచి వచ్చే ధ్వని గిటారు పెట్టెను మళ్ళీ కంపింపజేసి కూత పుడుతుంది. పెట్టె లేకుండా గట్టి చెక్క పలకపైనే తీగలు బిగిస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఈ ఆలోచన ఫెండర్‌ ఒక్కడిదే కాదు. రికెన్‌బాకర్ సంస్థ, లెస్ పాల్, పాల్ బిగ్స్‌బీ మొదలైనవారు అంతకు ముందే ఈ దిశలో పనిచేశారు. ఫెండర్ ప్రత్యేకత దానిని కర్మాగారంలో సులువుగా తయారయ్యే వస్తువుగా మార్చడం. 1950లో వెలువడిన ఆ గిటారుకు మొదట బ్రాడ్‌కాస్టర్ అని పేరు. గ్రెట్ష్ అనే సంస్థ అదే ఉచ్చారణ గల పేరుతో డ్రమ్ములు అమ్ముతున్నందున, 1951లో టెలీకాస్టర్ అని మార్చారు.

తెలుగు పాఠకులకు పోలికగా బొబ్బిలి వీణను చెప్పుకోవచ్చు. తూర్పు కనుమల దిగువన బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు చేసే ఏకాండి వీణలో కుండ, దండి ఒకే పనస మానునుంచి తొలిచి తీసినవి. మెట్లను మైనంలో నిలుపుతారు. అందులో ఏ భాగానికి దెబ్బ తగిలినా అది వీణ మొత్తానికి తగిలినట్లే. బాగుచేయడానికి ఆ విద్య తెలిసినవారే కావాలి. ఫెండర్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. చెక్క పలకనుంచి బాడీని యంత్రంతో కోసి, మేపుల్ కర్రతో దండిని విడిగా చేసి, రెండింటినీ నాలుగు మరలతో బిగించాడు. దండి వంగితే మరలు విప్పి కొత్తది వేసుకోవచ్చు. పికప్, స్విచ్చులు, బిరడాలు అన్నీ విడిగా మార్చదగినవే. సంప్రదాయ గిటారు తయారీదారులు దీనిని చూసి మొదట ఎగతాళి చేశారు.

ఈ నిర్మాణంలోనే మరొక పర్యవసానం దాగి ఉంది. కొలతలు సరిగా తీసుకుంటే ఈ గిటారును ఎవరైనా, ఎక్కడైనా చేయగలరు. తన వాద్యానికి నకలు పుట్టే మార్గాన్ని తెలియకుండానే ఫెండర్ స్వయంగా తెరిచాడనవచ్చు.

ప్రెసిషన్ బేస్

1951 చివరలో వెలువడిన ప్రెసిషన్ బేస్ ఫెండర్ చేసిన వాద్యాలన్నింటిలోను సంగీతాన్ని ఎక్కువగా మార్చినది. అంతకు ముందు వాద్యబృందాలలో మంద్రస్వరాలకు డబుల్ బేస్ వాడేవారు. అది మనిషి ఎత్తును మించిన పెద్ద ఫిడేలు వంటిది. నిలబడి వాయించాలి, కారులో పట్టదు, బాకాలు, డ్రమ్ముల మధ్య దాని శబ్దం వినబడదు. మెట్లు లేనందున స్వరస్థానం తప్పకుండా వాయించడానికి సంవత్సరాల సాధన కావాలి.

ఫెండర్ నాలుగు తీగలు, మెట్లు గల బేస్‌ను గిటారు ఆకారంలో చేశాడు. మెట్టు ఉన్నందున వేలు కొంచెం అటూ ఇటూ అయినా స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్, అనగా కచ్చితత్వం, అనే పేరు ఇందువల్లనే వచ్చింది. తీగ కంపించే పొడవును 34 అంగుళాలుగా నిర్ణయించాడు. గిటారుకు ఇతడు వాడిన పొడవు 25.5 అంగుళాలు. ఈ 34 అంగుళాల కొలత ప్రపంచంలోని బేస్ గిటార్లలో అత్యధిక భాగానికి ప్రమాణంగా నిలిచిపోయింది. మంద్రస్వరాలను తట్టుకోవడానికి బేస్‌మన్ అనే యాంప్లిఫయరును కూడా 1952లో తెచ్చాడు.

నిజానికి సియాటిల్ నగరంలో పాల్ టుట్‌మార్క్ అనే వ్యక్తి 1930లలోనే మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్‌ను చేసి అమ్మాడు. అది కొద్ది సంఖ్యలోనే తయారై మరుగున పడింది. కనుక మొదటి ఎలక్ట్రిక్ బేస్ ఫెండర్‌దేనని తరచుగా కనిపించే వాక్యం సరికాదు.

జాజ్ వాద్యకారుడు మంక్ మాంట్‌గోమరీ 1950ల ఆరంభంలో లయొనెల్ హాంప్టన్ బృందంలో ఈ బేస్ వాయించి, దానికి జాజ్ రంగంలో గుర్తింపు తెచ్చాడు. తొలి నమూనాలో ఒకే చుట్ట గల పికప్ ఉండేది. దానివల్ల కరెంటు రొద వినబడేది. 1957లో పికప్‌ను రెండు ముక్కలు చేసి, వాటి తీగచుట్లను, అయస్కాంతాలను పరస్పర విరుద్ధంగా అమర్చడంతో రొద ఒకదానినొకటి రద్దు చేసుకుని, తీగల ధ్వని మాత్రం మిగిలింది. బాడీ, హెడ్‌స్టాక్ ఆకారాలు కూడా అప్పుడే మారాయి. ఈనాడు ప్రెసిషన్ బేస్ అంటే అందరికీ తోచేది ఈ 1957 రూపమే. 1960లో సన్నని దండి, రెండు పికప్‌లు గల జాజ్ బేస్ వచ్చింది.

డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జామర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేస్‌పై వాయించిన రికార్డులు ప్రపంచమంతా వినిపించాయి. జాకో పాస్టోరియస్ 1962 నాటి జాజ్ బేస్‌ను మెట్లు లేకుండా వాయించి, గోటువాద్యంలో వలె స్వరంనుంచి స్వరానికి జారే నాదాన్ని సాధించాడు. కచ్చితత్వం కోసం ఫెండర్ పెట్టిన మెట్లు లేకపోవడమే ఆయనకు కీర్తి తెచ్చిందంటే విచిత్రమే. తెలుగు శ్రోతలు ఈ వాద్యాన్ని చూసి గుర్తించకపోయినా విని ఎరుగుదురు. 1980లలో ఇళయరాజా స్వరపరచిన తెలుగు చలనచిత్ర గీతాలలో పల్లవి వెనుక మరొక రాగరేఖవలె నడిచే మంద్రస్వరాలు బేస్ గిటారువే.

సంస్థ అమ్మకం

1950లలో సోకిన అంటురోగం ఒకటి ఫెండర్‌ను ఏళ్ళ తరబడి పీడించింది. తాను ఎక్కువ కాలం బతకనని ఇతడు నమ్మాడు. కర్మాగారంలో సుమారు 500 మంది పనిచేస్తుండగా, దానిని నడిపే ఓపిక లేదని భావించి అమ్మకానికి సిద్ధపడ్డాడు. 1965 జనవరిలో కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్, అంటే సి.బి.ఎస్. సంస్థ దీనిని 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. అదే సి.బి.ఎస్. 1964లో న్యూయార్క్ యాంకీస్ అనే ప్రసిద్ధ బేస్‌బాల్ జట్టులో 80 శాతం వాటాకు ఇచ్చినది 1.12 కోట్ల డాలర్లు. అమ్మిన కొద్దికాలానికే ఫెండర్ మరొక వైద్యుని దగ్గరకు వెళ్ళగా జబ్బు నయమయింది. ఆ తరువాత మరో 26 సంవత్సరాలు జీవించాడు.

ఒప్పందం ప్రకారం పదేళ్ళపాటు ఇతడు పోటీ వ్యాపారం చేయరాదు. కొంతకాలం సలహాదారుగా ఉన్నా, ఇతని సలహాలను సంస్థ పెద్దగా పట్టించుకోలేదు. సి.బి.ఎస్. యాజమాన్యంలో ఉత్పత్తి బాగా పెరిగింది, శ్రద్ధ తగ్గింది. 1970లలో కొన్ని నమూనాలకు దండిని నాలుగు మరలకు బదులు మూడింటితో బిగించారు. అతుకు వదులవుతున్నదనే ఫిర్యాదులు వచ్చాయి. బరువైన చెక్క, మందమైన పాలియెస్టర్ పూత కూడా వాద్యకారులకు నచ్చలేదు. దీనితో 1965కు ముందరి వాద్యాలను వెతికి కొనడం మొదలై, వాటి ధర ఏటేటా పెరిగింది. ఆ కాలపు ఫెండర్ వాద్యాలన్నీ చెడ్డవని కొందరు రాసేది మాత్రం అతిశయోక్తి. వాటిలోను మంచివి ఉన్నాయి. అయితే ఏది మంచిదో కొనేవాడే తేల్చుకోవలసి వచ్చేది.

జపాను నకళ్ళు

1965లో వెంచర్స్ అనే అమెరికా బృందం జపానులో పర్యటించినప్పుడు అక్కడి యువతరాన్ని ఎలక్ట్రిక్ గిటారు వ్యామోహం ఊపివేసింది. చిన్నా పెద్దా కర్మాగారాలు అనేకం గిటార్ల తయారీకి దిగాయి. దశాబ్దం ముగిసేలోగా ఆ ఊపు తగ్గి చాలావరకు మూతపడ్డాయి. నిలిచినవి ఎగుమతిపై ఆధారపడి, అమెరికా వాద్యాల నకళ్ళను చవకగా చేసి అమ్మసాగాయి. నగానో ప్రాంతంలోని మత్సుమోతో నగరం ఈ పనికి కేంద్రమయింది. 1960లో స్థాపితమైన ఫుజిగెన్ గక్కి అక్కడిదే. కుట్టుయంత్రాలకు చెక్కపెట్టెలు చేసిన మత్సుమొకు కర్మాగారం కూడా అక్కడిదే. హమమత్సులో తోకాయ్ గక్కి ఉండేది. నగోయాలోని హోషినో గక్కి వర్తక సంస్థ ఇబానెజ్ పేరుతో, కాందా షోకాయ్ గ్రేకో పేరుతో వాద్యాలు అమ్మేవి. ఈ రెండు పేర్లున్న వాద్యాలలో అనేకం ఫుజిగెన్‌లో తయారైనవే. కనుక వాద్యంపై ఉన్న పేరు అమ్మినవారిదే గాని చేసినవారిది కాకపోవచ్చు.

తొలి నకళ్ళు పైకి మాత్రమే పోలి ఉండేవి. 1970ల చివరకు వచ్చేసరికి పరిస్థితి మారింది. తోకాయ్, గ్రేకో, ఫెర్నాండెజ్ మొదలైన పేర్లతో వచ్చిన వాద్యాలు 1950, 60ల నాటి అసలు ఫెండర్‌లను విప్పి, కొలిచి చేసినవి. ప్రెసిషన్ బేస్‌కు తోకాయ్ చేసిన నకలు పేరు హార్డ్ పంచర్. జాజ్ బేస్ నకలు పేరు జాజ్ సౌండ్. హెడ్‌స్టాక్‌పై పేరు రాసిన అక్షరాల వంపు సైతం దూరంనుంచి చూస్తే ఫెండర్ అనే అనిపించేటట్లు ఉండేది. అదే సమయంలో అసలు సంస్థ తన పాత కొలతలకే దూరమై ఉన్నది.

ఇది న్యాయమా అనే ప్రశ్నకు సూటి సమాధానం లేదు. పేరును అనుకరించడం తప్పు. ఆకారం సంగతి వేరు. ఎందరో తయారీదారులు దశాబ్దాల తరబడి అదే ఆకారంలో వాద్యాలు చేస్తూ పోగా, ఫెండర్ సంస్థ చాలా ఆలస్యంగా స్ట్రాటోకాస్టర్, టెలీకాస్టర్, ప్రెసిషన్ బేస్ బాడీల ఆకారాలను వ్యాపారచిహ్నాలుగా నమోదు చేయమని కోరింది. 2009లో అమెరికా వ్యాపారచిహ్నాల విచారణ మండలి ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది. ఆ ఆకారాలు అప్పటికే అందరివీ అయిపోయాయని దాని నిర్ణయ సారాంశం.

అమ్మకందార్లు పాత జపాను వాద్యాలను దావా కాలపు వాద్యాలు అని పేర్కొనడం పరిపాటి. ఈ మాటలో పొరపాటున్నది. 1977 జూన్‌లో గిబ్సన్ యజమాని అయిన నార్లిన్ సంస్థ, హోషినో వారి అమెరికా పంపిణీదారు అయిన ఎల్గర్‌పై ఫిలడెల్ఫియా న్యాయస్థానంలో దావా వేసింది. ఆ వివాదం గిబ్సన్ హెడ్‌స్టాక్ ఆకారం గురించి. 1978లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. దానితో ఫెండర్ నమూనా బేస్ గిటార్లకు ఏ సంబంధమూ లేదు. దావా అనే మాట ధర పెంచడానికి పనికి వస్తుంది తప్ప, వాద్యం గురించి ఏమీ తెలుపదు.

1981లో సి.బి.ఎస్. యమహా సంస్థనుంచి బిల్ షుల్జ్, డాన్ స్మిత్ మొదలైనవారిని రప్పించి ఫెండర్ బాధ్యతలు అప్పగించింది. పాత నమూనాలను తిరిగి తెద్దామంటే కొలవడానికి సంస్థ వద్దనే పాత వాద్యాలు లేకపోయాయి. పాత గిటార్ల దుకాణానికి వెళ్ళి తమ వాద్యాలనే డబ్బిచ్చి కొనుక్కున్నారు. 1982 మార్చిలో కాందా షోకాయ్, యమానో గక్కి సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్‌ను ఏర్పాటు చేశారు. తయారీ పని ఫుజిగెన్‌కు దక్కింది. నకళ్ళు చేసిన చేతులకే అసలు పేరు ముద్రించే అధికారం లభించినట్లయింది. అందుకు బదులుగా గ్రేకో పేరుతో ఫెండర్ నకళ్ళు అమ్మడం ఆగిపోయింది. జపానునుంచి వచ్చిన తొలి వాద్యాలను చూసి, తాము చేయదలచినది ఇదే కదా అని సంస్థ ప్రతినిధులు కంటతడి పెట్టారని చెబుతారు.

ఐరోపాలో ఈ వాద్యాలను స్క్వయర్ పేరుతో అమ్మారు. స్క్వయర్ అనేది మొదట తీగలు చేసే పాత అమెరికా సంస్థ. 1965లో ఫెండర్‌లో కలిసింది. 1985లో సి.బి.ఎస్. ఫెండర్‌ను షుల్జ్ బృందానికి 1.25 కోట్ల డాలర్లకు అమ్మివేసింది. ఆ అమ్మకంలో ఫుల్లర్టన్ కర్మాగారం చేరలేదు. కరోనా పట్టణంలో కొత్త కర్మాగారం స్థిరపడేవరకు, ఫెండర్ పేరుతో ప్రపంచానికి అందిన వాద్యాలలో అధికభాగం జపానువే.

జపాను తయారీదారులు నకళ్ళతోనే ఆగిపోలేదని కూడా చెప్పాలి. 1970ల చివరలో వచ్చిన యమహా బి.బి. శ్రేణి, మత్సుమొకులో తయారైన అరియా ప్రో 2 ఎస్.బి. శ్రేణి స్వంత రూపకల్పనలు. పాత జపాను బేస్ కొనదలచినవారు ఫెండర్ పోలికనే వెతికితే వీటిని జారవిడుచుకుంటారు.

పాత జపాను బేస్ పరిశీలన

పాత వాద్యం కొనేటప్పుడు మొదట చూడవలసినది దండి. బిరడాల వైపునుంచి కంటితో చూస్తే అది తిన్నగా ఉన్నదో, మెలితిరిగినదో తెలుస్తుంది. వంగిన దండిని లోపలి ఉక్కు కడ్డీ తిప్పి సరిచేయవచ్చు. ఆ కడ్డీ మర ఇంకా తిరుగుతున్నదా అని చూసుకోవాలి. మెలిక పడిన దండిని సరిచేయడం కష్టం. తరువాత మెట్ల అరుగుదల. నిండా అరిగిన మెట్లను మార్చే ఖర్చు, చవకగా దొరికిన వాద్యం విషయంలో కొన్న ధరకు సమీపించవచ్చు.

క్రమసంఖ్య ఒక్కదానినే నమ్మరాదు. 1982నుంచి కొద్దికాలం పాటు తయారైన ఫెండర్ జపాన్, స్క్వయర్ వాద్యాలపై జె.వి. అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలుంటాయి. వీటికి గిరాకీ ఎక్కువ. అయితే దండి మరలతో బిగించినది కావడంవల్ల, ఒక వాద్యం దండిని మరొక వాద్యం బాడీకి తగిలించడం పది నిమిషాల పని. సంఖ్య దండిమీద ఉంటే అది దండి వయసునే చెబుతుంది. విక్రేత అంగీకరిస్తే మరలు విప్పించి, దండి అడుగున, బాడీ గూటిలో ఉన్న ముద్రలను చూడడం ఉత్తమం. పికప్‌లు, మీటలు అసలువా, మార్చినవా అనేది అతుకు పెట్టిన సీసం మెరుపును బట్టి కొంత గ్రహించవచ్చు. తోకాయ్, గ్రేకో వాద్యాల హెడ్‌స్టాక్‌పై ఉన్న పేరు చెరిపి ఫెండర్ పేరు అతికించి అమ్మే మోసం కూడా ఉన్నది. ఈ మోసంలో నష్టపోయేది కొన్నవాడు ఒక్కడే కాదు. తన పేరుతోనే గౌరవం పొందవలసిన మంచి నకలు దొంగ అసలుగా మిగిలిపోతుంది.

చెక్క విషయం తెలుగువారికి ఆసక్తికరం. ఫెండర్ 1950ల చివరనుంచి ఫింగర్‌బోర్డుకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడాడు. 1960ల చివర బ్రెజిల్ దుంగల ఎగుమతిని అడ్డుకోవడంతో గిటారు తయారీదారులు భారతీయ రోజ్‌వుడ్ వైపు మళ్ళారు. ఇది మన ఇరుగుడు చెట్టు. జిట్రేగి అని కూడా అంటారు. తూర్పు కనుమల అడవులలో కూడా ఇది పెరుగుతుంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందంలోని అత్యంత కఠినమైన జాబితాలో ఉన్నది. 2017లో ఈ ప్రజాతి చెట్లన్నీ నియంత్రణలోకి వచ్చాయి. 2019 చివరలో బ్రెజిల్ రకం తప్ప మిగిలిన వాటితో పూర్తయిన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. దేశం దాటించి తెప్పించుకునేవారు ఫింగర్‌బోర్డు ఏ చెక్కతో చేసినదో ముందుగా విచారించుకోవాలి. బాడీకి అమెరికాలో యాష్, ఆల్డర్ వాడగా, జపానులో యాష్‌ను పోలిన సెన్ అనే స్థానిక కలపను కూడా వాడారు. సెన్ ఉన్నంతమాత్రాన వాద్యం నాసిరకం కాదు.

తరువాతి కృషి

నిషేధ కాలం ముగిసే సమయానికి ఫెండర్ తన పాత సహచరులు ఫారెస్ట్ వైట్, టామ్ వాకర్ నడిపిన మ్యూజిక్ మన్ సంస్థలో చేరాడు. 1976లో వెలువడిన స్టింగ్‌రే బేస్ అప్పటి ప్రసిద్ధ కృతి. బ్యాటరీతో పనిచేసే చిన్న విద్యుత్ వలయాన్ని వాద్యంలోపలే అమర్చి, మంద్ర, తార ధ్వనులను అక్కడే పెంచుకునే ఏర్పాటు అందులో ఉన్నది. భాగస్వాములతో విభేదాలు రావడంతో జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ సంస్థను ప్రారంభించాడు. జార్జి, లియో పేర్ల మొదటి అక్షరాలవి. కర్మాగారం ఉన్న వీధి పేరు ఫెండర్ అవెన్యూ. వీధికి ఉన్న ఆ పేరును వాద్యానికి పెట్టుకునే అధికారం ఆ పేరుగల మనిషికి లేదు. 1980లో ఎల్-1000, ఎల్-2000 అనే బేస్ గిటార్లను తెచ్చాడు.

ప్రపంచమంతా ఇతని 1950ల నాటి కొలతలను వెతుకుతూ, జపానువారు వాటిని మిల్లీమీటరు తప్పకుండా తిరిగి చేస్తున్న ఆ సంవత్సరాలలో, ఇతడు మాత్రం ఆ వాద్యాలలోని లోపాలను సరిచేయడంలో మునిగి ఉన్నాడు. పాతవాటికన్నా జి అండ్ ఎల్ వాద్యాలే మెరుగైనవని ఇతని దృఢ అభిప్రాయం. కొనుగోలుదారులలో ఎక్కువమంది దీనితో ఏకీభవించలేదు. వారికి పాత లోపాలతో కూడిన పాత నాదమే కావలసి వచ్చింది.

వ్యక్తిగత జీవితం, మరణం

మితభాషి అయిన ఫెండర్ ఆడంబరం ఎరుగడు. పడవలు, ఛాయాచిత్రణం ఇతని వినోదాలు. కొత్త నమూనా చేయగానే చుట్టుపక్కల వాద్యకారులకు ఇచ్చి, వారు చెప్పిన లోపాలను రాసుకునేవాడు. తాను వాయించలేకపోవడమే ఇతనికి ఒక విధంగా మేలు చేసిందనవచ్చు; తన అభిరుచిని కాక ఇతరుల అవసరాన్ని వినవలసి వచ్చింది. భార్య ఎస్తేర్ 1979లో క్యాన్సరుతో మరణించింది. 1980లో ఫిలిస్‌ను పునర్వివాహం చేసుకున్నాడు.

చివరి సంవత్సరాలలో పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూ కూడా రోజూ కర్మాగారానికి వెళ్ళి పనిచేశాడు. 1991 మార్చి 21న మరణించాడు. ముందురోజు కూడా పనిలోనే ఉన్నాడు. శాంటా అనాలోని ఫెయిర్‌హేవెన్ శ్మశానవాటికలో ఎస్తేర్ సమాధి వద్ద ఇతనిని ఖననం చేశారు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతని పేరు చేర్చారు. 2009లో గ్రామీ సాంకేతిక పురస్కారం మరణానంతరం లభించింది. మరణానంతరం జి అండ్ ఎల్ కర్మాగారంలో ఇతని పనిగదిని, బల్లమీద పరికరాలతో సహా, ఇతడు విడిచి వెళ్ళిన రీతిలోనే భద్రపరిచారు.